పటిక కుండలోకే

12 జూన్ 1978

వానలు పడ్డాయి. కుళాయిలో నీళ్లు మళ్లీ మట్టిరంగులో వస్తున్నాయి. బిందె నింపి పటికముక్క పట్టుకుని నాలుగు తిప్పులు తిప్పితే మురికంతా అడుక్కి దిగిపోతుంది. పైన తేట నీళ్లు మిగులుతాయి. ఈ పని నాకెంత ఇష్టమో ఎవరికైనా చెబితే నవ్వుతారు. కంచరపాలెంలో మా వీధి మొత్తం వెతికినా నా కుండలో నీళ్లంత తేట నీళ్లు దొరకవు. గొప్పలు అనుకుంటే అనుకోనీ, ఇది చదివేది నేనే కదా.

ఆయన పోర్టులో క్రేను నడుపుతారు. ఇంటికొచ్చి చొక్కా విప్పితే ఖనిజం ధూళి ఎర్రగా రాలుతుంది. ఆ చొక్కా కూడా నా చేతిలో పడ్డాక తెల్లబడాల్సిందే. పక్కింటి కాంతంగారు "తాయారూ, నీకు శుభ్రం పిచ్చండీ" అంటుంది. కాకినాడ మనిషి, చిన్నపిల్లని కూడా అండీ అంటుంది.

అత్త వస్తోందట. చోడవరం నుంచి వచ్చినవాళ్లు చెప్పారు. రాగానే ఏం అడుగుతుందో తెలుసు. పెళ్లయి మూడేళ్లు దాటింది, ఆమె నోట వేరే మాట వినలేదు.

15 జూన్

మంటగా ఉంది. వేడి చేసి ఉంటుంది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగాను.

16 జూన్

కాంతంగారు లేకపోతే నా గతి ఏమయ్యేదో. తెల్లబట్ట, దురద, వాసన. ఇవి అమ్మకైనా చెప్పుకోలేని మాటలు. నా మొహం చూసి ఆవిడే కనిపెట్టి, కిందటేడు ఉపాయం చెప్పింది. గోరువెచ్చని నీళ్లలో పటిక కరిగించి లోపలికంటా కడుక్కోమంది. "నీళ్లలో మురికి తీసేది మనలో తియ్యదాండీ?" అంది. ఎంత తెలివైన మాట. ఆవిడకి ముగ్గురు పిల్లలు, ఆవిడకి తెలియక నాకు తెలుస్తుందా.

అప్పట్నుంచి రోజూ పొద్దున దీపం పెట్టేముందు కడుక్కుంటున్నాను. ఆయన దగ్గరికి వచ్చిన రోజు వెంటనే కూడా. ముందు కొంచెం భగ్గుమంటుంది. ఆ భగ్గుమనడంలోనే శుభ్రమైపోయానన్న ధైర్యం ఉంటుంది.

ఇదెప్పుడు మొదలైందా అని ఆలోచిస్తే, ఆయన పారదీప్ నుంచి వచ్చాక. పెళ్లయిన ఏడాదికే అక్కడి పోర్టులో ఆరు నెలలు పనికి పంపారు. చిక్కి సగమై వచ్చారు. అక్కడి నీళ్లు మంచివి కావట. నీళ్ల వల్లే అయి ఉంటుంది.

20 జూన్

అత్త దిగింది. చెప్పులు విప్పకుండానే అడిగింది.

"ఏటే అమ్మీ, ఏటైనా ఇసేసముందా?"

"లేదత్తా."

బుట్టలోంచి వంకాయలు తీసి నా ఒళ్లో పోసి, అప్పుడు మొదలుపెట్టింది. "మొగమాటం నేకుండా సెప్తన్నాను, ఇను. మా పై ఈదిలో పోలిరాజు కోడలికి టవున్లోన కడుపు కడిగించారు. మూడో నెలకి నిలిసింది. నీకూ కడిగిద్దాం. దసరా దాకా సూత్తాను. అప్పటికీ నేదంటే మా పిన్నమ్మ మనవరాలు సీతాలుంది. మావోడికి సేసుకుంటాం. నిన్ను ఒగ్గెయ్యం, ఇద్దరూ ఉండండి."

వంకాయలు ఎంత నవనవలాడుతున్నాయో. ముచ్చికల దగ్గర ముళ్లు గుచ్చుకుంటున్నా ఒళ్లోంచి తీయలేదు. ఆయన గోడకి చేరబడి బీడీ కాలుస్తున్నారు. ఆయన ఎప్పుడూ అమ్మ మాటకి ఎదురు చెప్పరు, అంత మంచి కొడుకు.

అత్తకి జోగమ్మ అని పేరు పెట్టిన తల్లిదండ్రులెవరో గానీ, గయ్యాళమ్మ అని పెట్టాల్సింది.

21 జూన్

సీతాలుకి పందొమ్మిదేళ్లు. మా పెళ్లిలో చూశాను. నాకు జడ వేసింది. మంచి పిల్ల.

28 జూన్

కడుపు కడిగించడానికి అత్త టౌన్లో నర్సింగ్ హోములు వద్దంది. రైలు గేటు అవతల డాక్టరు కనకరత్నం గారి ఆస్పత్రి ఉందట. ఆవిడ ఒకప్పుడు చోడవరం ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా ఆడపడుచుకి అడ్డం తిరిగిన బిడ్డని బతికించి చేతిలో పెట్టిందట. "ఆయమ్మ సెయ్యి పడితే సాలు" అంటుంది అత్త.

వెళ్లాం. నా వంతు వచ్చింది. తెర వెనక ఎత్తుబల్ల, దానికి కాళ్లు పెట్టుకునే ఇనుపకొక్కేలు. నర్సు ఎక్కమంది. నేను బయట ఉన్నానని అబద్ధం చెప్పి వచ్చేశాను. దారంతా అత్త నా ముందు గబగబా నడిచింది. తిడితే బాగుండేది.

ఆ చోటు నా మొగుడే చూడలేదు. దీపం వెలుగులో ఎవరో చూడటమా. నాకేం రోగమని.

3 జూలై

మంట. ఇవాళ రెండుసార్లు కడుక్కున్నాను.

5 జూలై

ఈ రోజు సంగతి వివరంగా రాయాలి. మరిచిపోతే నన్ను నేను క్షమించుకోను.

అత్త మళ్లీ లాక్కెళ్లింది. మళ్లీ ఆ బల్ల. తెర పట్టుకుని నిలబడ్డాను, ముందుకీ వెళ్లను, వెనక్కీ రాను. నర్సు విసుక్కుంటోంది. అప్పుడు అత్త వచ్చి నన్ను పక్కకి జరిపింది.

"జరుగే. ముందు నాను సూపించుకుంటాను. నువ్వు నా తల కాడ నిలబడు."

యాభై దాటిన మనిషి. పొలంలో నడుం వంచి వంచి వీపు గూనిగా అయింది. ఆ బల్ల ఎక్కడానికి ముక్కాలిపీట వేయాల్సి వచ్చింది. ఎక్కి, చీర ఎగదీసుకుని, ఆ కొక్కేల్లో కాళ్లు పెట్టి, నా చెయ్యి పట్టుకుని పైకి చూస్తూ పడుకుంది. ఊళ్లో ఎదురుగా మగమనిషి వస్తే తలమీద కొంగు తీయని జోగమ్మ.

డాక్టరుగారు చూసి లేచి నిలబడ్డారు. "ఇదెన్నాళ్లనుంచమ్మా? గర్భసంచి కిందికి జారి ఉంది. ఒరిసి పుండు పడింది."

"మా సూరిగోడి తరవాత కానుపు పోయిందమ్మా. అప్పుటినుంచి."

సూరి అంటే మా ఆయన, అప్పలసూరి. ఆయనకిప్పుడు ముప్ఫై వస్తున్నాయి.

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదా?"

"ఎవులకి సెప్తానమ్మా. ఆడదాయికి ఇది ఉన్నదే గదా అనుకున్నాను. గోసీ కట్టుకుని ఊడుపులకి ఎల్లిపోయేదాన్ని." తర్వాత నా వైపు తల తిప్పింది. "సూసావు గదా, ఏటీ నేదు. కొరుక్కుని తినెయ్యరు. ఎక్కు."

ఎక్కాను. నిజంగానే ఏమీ లేదు. డాక్టరుగారి చేతులు ఎంత మెత్తగా ఉన్నాయో, చెప్పి చెప్పి మరీ తాకారు. ఇప్పుడు చల్లగా తగులుతుంది, ఇప్పుడు కొంచెం ఒత్తిడిగా ఉంటుంది, ఊపిరి వదులు అని. అంత ఓపికగా నాతో ఎవరూ మాట్లాడిన గుర్తు లేదు. దూదితో కొంచెం తీసి గాజు ముక్క మీద పెట్టి యంత్రంలో చూశారు. నన్నూ చూడమన్నారు. చిన్నచిన్నవి, బతికున్నవి, గిలగిలా తిరుగుతున్నాయి. నా జబ్బు అవేనట.

"ఇదేమమ్మా ఇంత ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది? ఏం వాడుతున్నావు?"

గర్వంగానే చెప్పాను. పటిక నీళ్లతో రోజూ కడుక్కుంటానని. మెచ్చుకుంటారనుకున్నాను. ఆవిడ కళ్లజోడు తీసేశారు.

"కంట్లో పటిక వేసుకుంటావా తాయారూ?"

"లేదండి, మండుతుంది."

"మరి అక్కడ మండలేదా?"

"శుభ్రమవుతోందనుకున్నానండి."

అప్పుడు చెప్పారు. కన్ను ఎలా తన నీళ్లతో తనే కడుక్కుంటుందో ఆ దారీ అంతేనట. పెరుగు తోడులో ఉన్నట్టు లోపల మంచి క్రిములుంటాయట, అవి చేసే పులుపే కాపలా అట. బయట మామూలు నీళ్లు చాలు, లోపలికి ఏదీ పోనవసరం లేదట. నేను ఏడాదిగా రోజూ ఆ కాపలాని కడిగి పారబోసి, పైగా ఆ జబ్బుకి చోటిచ్చాను. ఇంకొక మాట విన్నప్పుడు నాకు కూచున్న చోట భూమి కదిలింది. నెల మధ్యలో కోడిగుడ్డు తెల్లసొనలా జారుగా, వాసన లేకుండా కనబడేది రోగమే కాదట. బిడ్డ నిలవడానికి వీలైన రోజులవే అని ఒంటి కబురట, మగవాడి బీజం పైకి వెళ్లేది దాని మీదేనట. అది కనబడ్డప్పుడల్లా నేను రెట్టింపు పటిక వేసి కడిగేదాన్ని.

అత్త అడిగింది. "అయితే కడుపు కడగరా అమ్మా?"

"ఇప్పటిదాకా కడిగింది చాలదా? గర్భసంచి బాగానే కనిపిస్తోంది. గీకి కడగాల్సిన పని లేదు."

"పిల్లలు పుడతారా అండీ?" అన్నాను.

"పుడతారని మాటివ్వను. పుట్టరనడానికి కూడా నాకేమీ కనబడలేదు. ముందు నీ ఒళ్లు బాగుపడాలి, ఆ తరవాత కొన్ని నెలలు చూడాలి. మందు మాత్రం మొగుడూ పెళ్లాం ఇద్దరూ వారం రోజులు వేసుకోవాలి. నీకొక్కదానికే తగ్గితే అతని నుంచి మళ్లీ వస్తుంది. ఆ వారం దూరంగా ఉండండి. అతను సారా ముట్టకూడదు."

"మావోడికి ఏటీ నేదు గదమ్మా," అంది అత్త.

"మగవాళ్లలో ఉన్నా చాలామందికి తెలియదు. ఎక్కడినుంచి వచ్చిందని వెతుక్కుంటూ కూచోకండి. తగ్గించుకోండి."

అత్త కిటికీలోంచి గూడ్సు బండిని చూస్తూ ఉండిపోయింది.

ఆవిడకి వేరే మాత్రలు, పుండుకి పూత ఇచ్చారు. మాకు వేరే.

6 జూలై

పారదీప్ సంగతి ఇక్కడ రాయను.

7 జూలై

ఆయనకి చెప్పాను. ముందు నవ్వారు.

"నాకేటి రోగం? క్రేను ఎక్కి దిగుతన్నాను, గుండులాగున్నాను. నీకు రోగం ఉంటే నువ్వు మింగు."

ఇద్దరూ మింగాలన్నారని చెప్పాను. మొహం మారింది. "పోర్టులోన తెలిత్తే నా పరువేటవుతాది? ఆ మందుల సీటీ ఎవులకి సూపించావు?" అని గిన్నె తోసేశారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి అన్నారు. "ఈ గొడవంతా ఎందుకు. అమ్మ సెప్పినట్టు సీతాల్ని సేసుకుంటే పోద్ది."

దొడ్లో అంట్లు తోముతున్న అత్త చెయ్యి ఆగిపోయింది. నేను చూశాను.

ఆయన అలసిపోయి ఉన్నారు. మూడో షిఫ్టు మనిషిని అలా తినేస్తుంది.

8 జూలై

పటికముక్క ఎదురుగా ఉంది. అలవాటుగా చెయ్యి వెళ్లింది. వెనక్కి తీసుకున్నాను.

9 జూలై

ఆదివారం, ఆయనకి సెలవు. అత్త పొద్దున్నే నన్ను పొయ్యి దగ్గర్నుంచి లేపి తనే వండింది. చేపల పులుసు, ఆయనకి ప్రాణం. మూడు కంచాలు వరసగా పెట్టింది. మా ఇళ్లల్లో ఆడవాళ్లు మగవాళ్లతో కలిసి కూచోరు. ఆయన వింతగా చూశారు.

ప్రతి కంచం పక్కన గ్లాసు నీళ్లు. నా కుండలో నీళ్లే. తన కంచం పక్కన తన మాత్ర, మా ఇద్దరి పక్కన మావి.

అన్నం తిన్నాక అత్త తన మాత్ర వేసుకుని నీళ్లు తాగింది. నా వైపు చూసింది. నేను మింగాను. అప్పుడు కొడుకు వైపు చూసింది. ఆయన లేవబోయారు.

"కూకోరా."

కూచున్నారు.

"సీతాల్ని సేసుకుంటానన్నావు. సేసుకో. దానికీ ఇదే అంటిత్తావు. ఏడాది పోయాక అదీ మంటని ఏడుత్తాది. అప్పుడు దాన్నీ కడిగిత్తావేటి? ఇంకెంతమందిని కడిగిత్తావు?"

ఆయన కంచంలోకి చూస్తున్నారు.

"పారదీప్‌లోన ఏటి జరిగిందో నాను అడగను. తల్లిని, అడగడానికి నాకు సిగ్గు. నీ పెళ్లామూ అడగదు. బల్లెక్కి కాళ్లు సాపుకుని పడుకోడానికి నాకు సిగ్గెయ్యనేదురా. మాత్తర మింగడానికి నీకేటి సిగ్గు?"

ఎంత నెమ్మదిగా అందంటే, పక్కింటి కాంతంగారికి కూడా వినబడి ఉండదు. ఆయన చేతులు క్రేను పిడి పట్టుకుని పట్టుకుని కాయలు కాసి ఉంటాయి. ఆ చేత్తో అంత చిన్న మాత్ర తీయబోతే రెండుసార్లు జారింది. మూడోసారి మింగారు.

నేను ఈవిడని గయ్యాళి అని రాశాను. కొట్టెయ్యను, అలాగే ఉండనీ. ఎంత తప్పుగా చూడగలనో నాకు తెలియాలి. ఇంత ధైర్యం ఉన్న మనిషిని నా జన్మలో చూడలేదు.

13 జూలై

అత్త ఊరికి వెళ్లకుండా ఉండిపోయింది. పూట పూటకీ మా ఇద్దరి ఎదురుగా నిలబడి మింగిస్తోంది. సాయంత్రం అయ్యేసరికి గుమ్మానికి అడ్డంగా కూచుని చింతపండు గింజలు తీస్తుంది. ఆయన స్నేహితుడు జగ్గయ్య సారా దుకాణానికి పిలవడానికి వచ్చి, ఆవిడని చూసి, "బావా, ఊరికే కనబడి పోదారనొచ్చాను" అని వెళ్లిపోయాడు. చాన్నాళ్లకి నవ్వాను.

17 జూలై

దురద లేదు. రెండేళ్లలో మొదటిసారి దురద లేదని రాస్తున్నాను.

అత్త బయల్దేరింది. వెళ్లేముందు నా పటికముక్క తీసుకుని కుండ దగ్గరికి వెళ్లి నీళ్లలో నాలుగు తిప్పులు తిప్పింది. "ఇది మంచిదే. కుండలోకే. నీలోకి కాదు" అని గూట్లో పెట్టి బస్సెక్కింది.

2 ఆగస్టు

మళ్లీ చూపించుకున్నాను. యంత్రంలో ఏమీ తిరగడం లేదు. డాక్టరుగారు నా కంటే ఎక్కువ సంతోషించారు. టీ ఇప్పించారు.

కాంతంగారికి విషయం చెప్పాను. "నాకేం కాలేదు కదండీ, ముగ్గుర్ని కన్నాను" అని కొంచెం ముడుచుకుంది. సాయంత్రం గోడ మీదుగా తల పెట్టి, "ఆ డాక్టరమ్మ ఎన్నింటిదాకా ఉంటారేంటండీ?" అని అడిగింది. పాపం, ఆవిడ నా మంచి కోరే చెప్పింది. మా ఇద్దరికీ తెలిసింది అంతే.

19 ఆగస్టు

కనబడింది. డాక్టరుగారు చెప్పినట్టే, తెల్లసొనలా. కడగలేదు.

3 సెప్టెంబరు

బయట చేరాను. ఏడవలేదు.

కొంచెం ఏడ్చాను.

1 అక్టోబరు

మళ్లీ అంతే. డాక్టరుగారు ఆయన్ని కూడా పరీక్షకి రమ్మన్నారు. ఆ మాట చెప్పానో లేదో, ఆయనే "ఎప్పుడు రావాల?" అన్నారు. నా చెవులు నేనే నమ్మలేదు. వెళ్లారు, ఆయనకి బాగానే ఉందని డాక్టరుగారన్నారు.

పారదీప్ గురించి అడగాలని నాకు అనిపించడం లేదు. అబద్ధం. అనిపిస్తోంది. ఆయన వెనక్కి వస్తూ రైలు గేటు దగ్గర మల్లెపూలు కొని, ఇవ్వడానికి మొహం చెల్లక, కుండ మూత మీద పెట్టి వెళ్లిపోయారు. తీసుకుని పెట్టుకున్నాను. అడగడం ఇంకో రోజు.

12 అక్టోబరు

దసరా వెళ్లిపోయింది. అత్త రాలేదు, ఏ కబురూ లేదు. రెండు రాత్రులు అన్నం సహించలేదు. ఈ రోజు చోడవరం మనిషి కనబడి చెప్పాడు. సీతాలుకి అనకాపల్లి సంబంధం ఖాయమైందట. బెల్లం కొట్లో పనిచేసే కుర్రాడట. దగ్గరుండి మాట్లాడి కుదిర్చింది మా అత్తేనట. గడువు అయిపోయిందని నేను భయపడుతుంటే ఆవిడ ఆ పని మీద తిరిగింది.

నవంబరు, తేదీ చూడలేదు

ఒళ్లు బాగుంది. ఇదొక్కటీ చాలు అని రాద్దామనుకున్నాను. చాలదు. బిడ్డ కావాలి. కానీ ఒళ్లు బాగుండటం కూడా ఇంత బాగుంటుందని మరిచిపోయాను. మొన్న ఆయన దగ్గరికి వస్తే నాకు భయం వేయలేదు. మంటకి భయపడి రెండేళ్లుగా పళ్లు బిగపట్టుకున్నానని అప్పుడు గానీ తెలియలేదు. అయ్యాక లేచి పరుగెత్తకుండా అలాగే పడుకుని కబుర్లు చెప్పుకున్నాం. క్రేను మీదనుంచి సముద్రం ఎలా కనబడుతుందో చెప్పారు.

20 జనవరి 1979

రోజులు దాటాయి. ఎవరికీ చెప్పను. రాయను కూడా.

9 ఫిబ్రవరి

డాక్టరుగారు చూశారు. అవునన్నారు. ఇంకా తొలి రోజులే, జాగ్రత్త అన్నారు. నేను ఆవిడ చెయ్యి వదల్లేదు, తరవాతి మనిషి లోపలికి వచ్చేదాకా.

ఆయనకి చెబితే లేచి నిలబడి, మళ్లీ కూచుని, మళ్లీ లేచి, కుండలో నీళ్లు ముంచుకుని తాగారు. అమ్మకి కబురు పంపిద్దామన్నారు. వద్దన్నాను. అత్తకి నా నోటితో చెప్పాలి. ఈసారి దిగగానే "ఏటైనా ఇసేసముందా" అని అడుగుతుంది కదా. ఎన్నిసార్లు లేదని చెప్పానో, ఒక్కసారి ఉందని చెప్పాలి. ఎలా చెప్పాలో అద్దం ముందు కూడా చెప్పుకు చూశాను.

26 ఫిబ్రవరి

అత్త వచ్చింది. పండిన జీడిమామిడి, బెల్లం అచ్చు తెచ్చింది. గూని ఇంకొంచెం వంగినట్టుంది. డాక్టరుగారి మందుతో పుండు మానిందట, నడుస్తుంటే హాయిగా ఉందట. నేను గుమ్మంలో చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడ్డాను. అడుగు అత్తా, అడుగు అనుకుంటున్నాను.

నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"మంట మరి రానేదు గదే అమ్మీ? దురదేటైనా ఉందా?"

"లేదత్తా."

"ఆ పటికో?"

"కుండలోకే."

"అయితే సాల్లే," అని చెంబు అందుకుని కాళ్లు కడుక్కోవడం మొదలుపెట్టింది.

ఎదురు చూశాను. ఒక కాలు కడుక్కుంది. అడగలేదు.

"అత్తా, నువ్వు అడగాల్సింది ఇంకోటి ఉంది."

"నాను అడగనే. అడిగి అడిగి నిన్ను సానా ఏడిపించాను. ఉన్ననాడు నువ్వే సెప్తావు."

అద్దం ముందు చెప్పుకున్నవన్నీ ఎక్కడికో పోయాయి. "ఉందత్తా," అన్నాను.

చెంబు వంచిన చెయ్యి అలాగే ఉండిపోయింది. నీళ్లు గుమ్మం మీదుగా వీధిలోకి కారిపోయాయి. రెండో కాలు కడుక్కోవడం మరిచిపోయి, ఆ దుమ్ము కాలితోనే లోపలికి వచ్చి, రోజూ రెండుసార్లు తుడిచే నా నేల మీద అడుగులు వేస్తూ, నన్ను పట్టుకుంది.

ఇందాక ఇల్లు తుడిచాను. ఆ అడుగులు మాత్రం ఉంచేశాను.